న్యూజెర్సీ తీరం మిలీషియా కాగితాలు (1776–83): పింఛను ఫైళ్లు చదివేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

తీరవాసి_న్యూజెర్సీ
అందరికీ నమస్కారం. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం అంటే వాషింగ్టన్ సైన్యం గురించే ఎక్కువగా మాట్లాడుకుంటాం. నేను అడుగుతున్నది అదే యుద్ధంలో సముద్రపు ఒడ్డు కాపలా కాసిన మిలీషియా (ఊళ్లలోని మామూలు మగవాళ్ల దళం) గురించి, అందులోనూ న్యూజెర్సీలోని మన్మత్ కౌంటీ గురించి. 1776 నుంచి యుద్ధం ముగిసేదాకా న్యూయార్క్ నగరం, దాని ముంగిట ఉన్న శాండీ హుక్ దీపస్తంభం బ్రిటిష్ వాళ్ల చేతిలోనే ఉన్నాయి. అంటే ఈ కౌంటీ వాళ్లకి శత్రువు అఖాతానికి అవతలి ఒడ్డునే. చీకటి పడితే పడవల్లో వచ్చి ఇళ్లు దోచుకుని పశువుల్ని తోలుకుపోయి, దొరికిన మగవాళ్లని పట్టుకెళ్లి తెల్లారేలోపు వెనక్కి వెళ్లిపోయేవాళ్లు. 16 నుంచి 50 ఏళ్ల మగవాళ్లు మిలీషియాలో ఉండాలని చట్టం. ఒక నెల కాపలా, ఒక నెల ఇంటి దగ్గర పొలం పని. అలా ఏళ్ల తరబడి నడిచింది.

వీళ్ల సంగతి చెప్పే యుద్ధకాలపు కాగితాలు చాలావరకు మిగల్లేదు. 1800 నవంబర్ 8న వాషింగ్టన్‌లో యుద్ధశాఖ ఆఫీసు కాలిపోయింది. 1814 ఆగస్టులో బ్రిటిష్ సైన్యం ఆ నగరాన్నే తగలబెట్టింది. తర్వాత 1832 జూన్ 7న వచ్చిన చట్టం మిలీషియాలో చేసినవాళ్లకి కూడా పింఛను ఇస్తామంది. చేతిలో ఏ కాగితమూ లేదు కాబట్టి 70, 80 ఏళ్ల ముసలివాళ్లు కోర్టుకి వచ్చి నోటితో చెప్పారు, గుమాస్తా రాసుకున్నాడు. అన్ని రకాల సైనికులవీ కలిపి అలాంటి ఫైళ్లు 80,000 పైగా అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. 2023 నుంచి వాటిని వాలంటీర్లతో అక్షరం అక్షరం టైపు చేయిస్తున్నారు, నేనూ అందులో ఒకణ్ణి. ఈ గ్రూపులో ఇలాంటివి చదివే అలవాటున్నవాళ్లు ఉంటే మాట్లాడుకుందాం. ముఖ్యంగా ఒక విషయం: 50 ఏళ్ల తర్వాత చెప్పిన మాటని మీరైతే ఎంతవరకు నమ్ముతారు?

మాస్టారు_విజయనగరం
మంచి విషయం ఎత్తారు. నేను జాగ్రత్తగానే నమ్ముతాను. ఆ చట్టం ప్రకారం కనీసం ఆరు నెలల సేవ ఉంటేనే పింఛను, రెండేళ్లు పైబడితే పూర్తి మొత్తం. అలాంటప్పుడు నాలుగు నెలలు చేసినవాడికి ఆరు నెలలు గుర్తుకు రావడం సహజం. పైగా దరఖాస్తులు రాసిపెట్టే లాయర్లు ఉండేవాళ్లు, ఒకే లాయరు రాసిన పది ఫైళ్లు తీస్తే పదీ ఒకే పదజాలంతో ఉంటాయి. అది ముసలాయన గొంతా, లాయరు గొంతా అన్నది ముందు తేల్చుకోవాలి. ఇంకోటి, 50 ఏళ్లలో ఆ మనిషి ఆ యుద్ధం గురించి ఎన్ని ఉపన్యాసాలు వినుంటాడు, ఎన్ని జులై నాలుగు ఉత్సవాలు చూసుంటాడు? మన్మత్ యుద్ధం 1778 జూన్ 28న జరిగింది, అది ఆ కౌంటీలో అందరికీ తెలిసిన పెద్ద పోరు. ఆ చుట్టుపక్కల ఉన్న ప్రతివాడూ నేనూ అందులో ఉన్నానంటాడు. చరిత్ర రాసేవాడు ఇవన్నీ వడగట్టుకోవాలి.

తీరవాసి_న్యూజెర్సీ
మాస్టారూ, మీరన్నది నిజం, లాయర్ల భాష నాకూ కనపడుతూనే ఉంటుంది. కానీ ఫైలు మొత్తం ఒకే గొంతు కాదండీ. పింఛను ఆఫీసు వాళ్లు ప్రతి ఒక్కరినీ అడగమని కోర్టులకి ఏడు ప్రశ్నలు పంపారు. ఎక్కడ, ఏ సంవత్సరంలో పుట్టావు, వయసుకి రుజువు ఏమిటి, పిలుపు వచ్చినప్పుడు ఎక్కడ ఉంటున్నావు, నీ వంతుగా వెళ్లావా, నీ అంతట నువ్వు వెళ్లావా, వేరేవాడి బదులు వెళ్లావా, నీ పై అధికారులెవరు, డిశ్చార్జి కాగితం ఉందా, నీ మాట నిజమని చెప్పే ఇరుగుపొరుగు ఎవరు. మొదట్లో లాయరు మాటలతో గంభీరంగా నడుస్తుంది, ఈ ప్రశ్నల దగ్గరికి వచ్చేసరికి ముసలాయన బయటికొస్తాడు. వయసుకి రుజువు అడిగితే మా నాన్న బైబిల్లో రాసుండేది, అది ఇప్పుడు మా అన్న కొడుకు దగ్గరుంది అంటాడు. డిశ్చార్జి కాగితం అడిగితే మిలీషియాలో నోటితో ఇంటికి పొమ్మనేవాళ్లు, కాగితం ఎవరిచ్చారు అంటాడు. ఇలాంటివి లాయరు కల్పించి రాయాల్సిన పనేముంది?

నా అనుభవంలో సంవత్సరాలు తారుమారవుతాయి, 1779ని 1780 అంటారు. కానీ చోటు మాత్రం తప్పరు. ఏ వాగు దగ్గర కాపలా, ఏ మిల్లు దగ్గర రాత్రి పడుకున్నారు, ఏ కెప్టెన్ కింద చేశారు, ఇవి పక్క ఫైళ్లతో సరిపోతాయి. ఒకే కంపెనీలో, అంటే ఒక కెప్టెన్ కింది దళంలో చేసిన నలుగురివి పక్కపక్కన పెట్టుకుని చదివితే ఏది అందరికీ ఉమ్మడిగా గుర్తుంది, ఏది ఒక్కడే పెంచి చెబుతున్నాడు అన్నది తెలిసిపోతుంది. 1872లో న్యూజెర్సీ ప్రభుత్వం అచ్చు వేయించిన సైనికుల జాబితాతో కూడా సరిచూసుకోవచ్చు, అందులో పేరు లేనంత మాత్రాన మనిషి అబద్ధమాడినట్టు కాదనుకోండి.

రాధ_ఎడిసన్
నమస్తే అండీ. ఇన్నేళ్లుగా ఇక్కడే ఉంటున్నాం, ఆ తీరంలోని టామ్స్ రివర్ మీదుగా బీచ్‌కి వెళ్తూనే ఉంటాం, అక్కడ ఇంత జరిగిందని పిల్లల స్కూలు పుస్తకంలో కూడా చూళ్లేదు. మా ఎడిసన్, పిస్కాటవే, వుడ్‌బ్రిడ్జ్ వైపు కూడా ఇలాంటివి దొరుకుతాయా? మాది మన్మత్ కాదు, మిడిల్‌సెక్స్ కౌంటీ.

పాతకాగితం
రాధగారూ, మీ కౌంటీకి ఇంకో మంచి దస్త్రం ఉంది. 1781 డిసెంబర్‌లో న్యూజెర్సీ ప్రభుత్వం ఒక చట్టం చేసి, యుద్ధంలో జనం పోగొట్టుకున్న ఆస్తి ఎంతో ఇంటింటికీ లెక్క రాయించింది. బ్రిటిష్ వాళ్లు చేసిన నష్టం ఒక లెక్క, అమెరికా సైన్యం వాళ్లే కంచెలు పీకి చలిమంటలు వేసుకుంటే అది వేరే లెక్క. మిడిల్‌సెక్స్ పుస్తకం ట్రెంటన్‌లోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉంది. 1776 డిసెంబర్ నుంచి 1777 జూన్ దాకా బ్రిటిష్ సైన్యం మకాం వేసింది మీ వైపే, న్యూ బ్రన్స్‌విక్ చుట్టూ. గొర్రెలు, ఈకల పరుపులు, టీ కెటిల్, ఆడవాళ్ల గౌన్లు, పీపాల్లో పోసిన యాపిల్ సారా, కంచె కర్రలు ఇన్ని వందలు అని వరసగా ఉంటుంది. ఆ ఇంట్లో ఎలా బతికారో ఏ చరిత్ర పుస్తకమూ అంత వివరంగా చెప్పలేదు. ఇంత రాయించి పైసా నష్టపరిహారం ఇవ్వలేదు, అది నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం.

రాధ_ఎడిసన్
చాలా థాంక్సండీ. గౌన్లు కూడా రాశారంటే వెంటనే చూడాలనిపిస్తోంది. పింఛను ఫైళ్లలో ఆడవాళ్లు ఉంటారా, లేక అంతా మగవాళ్ల గొడవేనా?

తీరవాసి_న్యూజెర్సీ
ఉంటారండీ, బాగా ఉంటారు. 1836లో, 1838లో వచ్చిన చట్టాలతో భార్యలకి కూడా పింఛను వచ్చింది. ఫైలు నంబరు ముందు డబ్ల్యూ అని ఉంటే అది విధవరాలి ఫైలు, ఎస్ అని ఉంటే సైనికుడిది, ఆర్ అని ఉంటే తిరస్కరించినది. భార్య పెళ్లికి రుజువు చూపించాలి. చర్చి రిజిస్టరు దొరక్కపోతే ఇంట్లో బైబిల్లో పెళ్లిళ్లూ పుట్టుకలూ రాసుకున్న పేజీని చింపి పంపేసేవాళ్లు. ఆ పేజీలు ఇప్పటికీ ఫైళ్లలోనే ఉన్నాయి, వాళ్లకి తిరిగి వెళ్లలేదు. నేను చూసిన ఒకదాంట్లో పిల్లల పేర్లు పుట్టిన వరసలో రాసి, పోయినవాళ్ల పేరు పక్కన తేదీ చిన్నగా వేరే సిరాతో ఉంది, మొదటి నలుగురిలో ముగ్గురికి ఆ చిన్న తేదీ ఉంది. పింఛను గుమాస్తాకి పెళ్లి తేదీ ఒక్కటే కావాలి. మిగతాదంతా మనకోసం మిగిలింది.

భర్త కాపలాకి వెళ్లిన నెలల్లో కోతలు ఎవరు కోశారు, దాడి వచ్చినప్పుడు పిల్లల్ని తీసుకుని ఏ అడవిలో దాక్కున్నారు, ఇవి కూడా కొందరు చెబుతారు. అడగకపోయినా చెబుతారు.

మాస్టారు_విజయనగరం
తిరస్కరించిన ఫైళ్ల గురించి కొంచెం వివరంగా రాయండి తీరవాసిగారూ. ఎందుకు తిరస్కరించేవాళ్లు?

తీరవాసి_న్యూజెర్సీ
ఎక్కువగా ఆరు నెలలు నిండలేదనో, సాక్ష్యం చాలలేదనో. తీరం వాళ్లకి ప్రత్యేకంగా ఇంకో కష్టం ఉంది. మంట వెలిగిందనో ఫిరంగి మోగిందనో తుపాకీ పట్టుకుని పరిగెత్తి, రెండు రోజులు ఒడ్డున ఉండి తిరిగొచ్చిన సందర్భాలు వాళ్లకి లెక్కలేనన్ని. అవి నెలల లెక్కలోకి తేవడం కష్టం. ఇక ప్రైవేటీర్లు, అంటే ప్రభుత్వ అనుమతితో సొంత ఓడల్లో వెళ్లి శత్రువుల సరుకు ఓడల్ని పట్టుకునేవాళ్లు, ఆ పనికి అసలు పింఛనే లేదు. లిటిల్ ఎగ్ హార్బర్ దగ్గర చెస్ట్‌నట్ నెక్ అనే ఊరు అలాంటి ఓడలకి స్థావరం. పట్టుకొచ్చిన సరుకు అక్కడే వేలం వేసేవాళ్లు, అందుకే 1778 అక్టోబర్ 6న బ్రిటిష్ వాళ్లు వచ్చి ఆ ఊరు తగలబెట్టారు. ఒకే మనిషి ఒక నెల మిలీషియాలో, ఇంకో నెల ప్రైవేటీరులో ఉండేవాడు. ముసలితనంలో రెండూ కలిపి చెబితే సగం కొట్టేశారు. నా మటుకు నాకు తీరం జీవితం అసలు రూపం ఈ కొట్టేసిన భాగాల్లోనే ఎక్కువ కనిపిస్తుంది. అందుకే కొత్తగా చేరేవాళ్లని ఆర్ ఫైళ్లు వదలొద్దని అడుగుతున్నాను. అందరూ పింఛను వచ్చినవాళ్లవే ముందు పట్టుకుంటారు.

భీమిలి_కుర్రాడు
అన్నా, టామ్స్ రివర్ దగ్గర ఉప్పు గురించి ఏదో చదివాను. దాని సంగతేంటి?

పాతకాగితం
తమ్ముడూ, అక్కడి దాడులకి ఉప్పే అసలు కారణం. యుద్ధానికి ముందు ఉప్పు ఎక్కువగా ఓడల్లో దిగుమతి అయ్యేది, బ్రిటిష్ నౌకలు సముద్రం మూసేయగానే కరువొచ్చింది. ఉప్పు లేకపోతే మాంసం నిలవుండదు, మాంసం లేకపోతే సైన్యానికి తిండి లేదు. అందుకని ఆ తీరం పొడుగునా సముద్రపు నీళ్లని పెద్ద పెద్ద కాగుల్లో కాచి ఉప్పు తీశారు. మన దగ్గరలాగా మడుల్లో ఎండబెట్టడం తక్కువ, కట్టెలు పెట్టి మరిగించడమే ఎక్కువ. ఆ బట్టీలు తగలబెట్టడానికి దాడులు, కాపాడటానికి టామ్స్ రివర్‌లో దుంగలతో చిన్న కోట. దానికి తలుపు ఉండేది కాదు, నిచ్చెన వేసుకుని ఎక్కి లోపలికి దిగాలి. 1782 మార్చి 24న దాన్ని పట్టుకున్నారు. లోపల ఉన్నది పాతికమంది, మందుగుండు అయిపోయింది, ఊరు ఊరంతా కాల్చేశారు. కెప్టెన్ జాషువా హడీ ఖైదీగా దొరికాడు. తర్వాత సంగతి తీరవాసి చెబితే బాగుంటుంది.

తీరవాసి_న్యూజెర్సీ
హడీ గురించి రాయమంటే చాలా రాస్తాను, కాగితాల మాట వచ్చింది కాబట్టి ఆ వరకే చెబుతాను.

హడీని న్యూయార్క్ తీసుకెళ్లారు. 1782 ఏప్రిల్ 12న రిచర్డ్ లిప్పిన్‌కాట్ అనే రాజపక్షం (బ్రిటిష్ రాజు వైపు నిలిచిన అమెరికావాళ్లు) కెప్టెన్, ఖైదీల మార్పిడి అని చెప్పి ఆయన్ని అఖాతం దాటించి హైలాండ్స్ ఒడ్డుకి తెచ్చి ఉరి తీయించాడు. ఉరికంబం అంటే మూడు కంచె కర్రలు, ఒక పీపా. ఆ పీపా మీద కాగితం పెట్టుకుని హడీ వీలునామా మీద సంతకం చేశాడు. రాత వేరేవాళ్లది, సంతకం ఆయనది. ఆస్తి కూతుళ్లు ఎలిజబెత్, మార్తాలకి చెందాలని ఉంటుంది. త్వరలో ఈ లోకం విడిచిపోతానని తెలిసి రాయిస్తున్నాను అన్న మాట కూడా ఉంది, వీలునామాల్లో మామూలుగా ఉండే వాక్యమే, కానీ ఇక్కడ ఆ మాట రాయించిన మనిషికి మిగిలింది నిమిషాలు. నేను ఎన్నో వీలునామాలు చదివాను, ఆ వాక్యం దగ్గర ఇంతలా ఆగిపోయింది దీనికే.

ఆయన గుండెల మీద ఒక కాగితం అంటించారు, ఫిలిప్ వైట్ చావుకి బదులుగా హడీ అని దాని సారాంశం. ఫిలిప్ వైట్ అనే రాజపక్షం మనిషిని మన్మత్ మిలీషియావాళ్లు పట్టుకుని చంపింది మార్చి 30న. హడీ దొరికింది మార్చి 24న. అంటే వైట్ చనిపోయేనాటికి హడీ న్యూయార్క్ జైల్లో ఉన్నాడు. ఈ రెండు తేదీలు పక్కపక్కన పెడితే చాలు, వేరే వాదన అక్కర్లేదు. మన్మత్ పెద్దమనుషులు వెంటనే వాంగ్మూలాలు జతచేసి వాషింగ్టన్‌కి విన్నపం రాశారు. ప్రతిగా ఒక బ్రిటిష్ అధికారిని ఉరి తీయాలని మే నెలలో లాంకాస్టర్‌లో చీట్లు తీస్తే చార్లెస్ ఆస్గిల్ అనే అప్పుడే ఇరవై ఏళ్లు నిండిన కెప్టెన్ పేరొచ్చింది. వాళ్లమ్మ ఫ్రాన్స్ మంత్రికి ఉత్తరం రాసి, అది రాజు, రాణి దాకా వెళ్లి, చివరికి నవంబర్‌లో అమెరికా కాంగ్రెస్ ఆ అబ్బాయిని వదిలేసింది. అంత దూరం పోయిన గొడవకి మొదలు టామ్స్ రివర్ ఉప్పు బట్టీలు.

మాస్టారు_విజయనగరం
ఇది బాగా చెప్పారు. అయితే ఫిలిప్ వైట్‌ని కూడా ఖైదీగా పట్టుకున్నాకే చంపారు కదా, ఆ పక్క కాగితాలు కూడా చదవాలి. గెలిచినవాళ్ల పింఛను ఫైళ్లు మాత్రమే చదివితే ఆ కౌంటీలో సగం మంది కనపడరు. రాజపక్షంలో ఉండి ఆస్తులు పోగొట్టుకుని ఇంగ్లండు, కెనడా పోయినవాళ్లు బ్రిటిష్ ప్రభుత్వానికి పెట్టుకున్న అర్జీలు లండన్ దగ్గర క్యూ అనే చోట ఉన్న బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఒకే రాత్రి, ఒకే ఇల్లు, వాళ్ల వైపు నుంచి ఒక కథ, వీళ్ల వైపు నుంచి ఇంకో కథ.

కలంకారి_డల్లాస్
అందరూ ఇంత బాగా రాస్తున్నారు, నేనొక మనిషి పేరు చేర్చాలి. కల్నల్ టై. అసలు పేరు టైటస్, ష్రూస్‌బరీలో జాన్ కార్లిస్ అనే క్వేకర్ (ఒక క్రైస్తవ శాఖ) దగ్గర బానిస. ఆ మతం వాళ్లు బానిసల్ని వదిలేయాలని చెబుతున్నా ఆ యజమాని వదల్లేదు. 1775 నవంబర్‌లో టైటస్ పారిపోయాడు. యజమాని పత్రికలో ప్రకటన వేయించాడు, ఎత్తు ఆరడుగుల దాకా, వయసు 21, ఒంటి మీద ఫలానా బట్టలు అని. తర్వాత ఐదేళ్లకి అతనే బ్రిటిష్ వైపు నుంచి నల్లవాళ్ల దళంతో మన్మత్ తీరం మీద దాడులు చేస్తూ మిలీషియా అధికారుల్ని ఇళ్లలోంచి ఎత్తుకుపోయాడు. 1780 సెప్టెంబర్‌లో కోల్ట్స్ నెక్‌లో ఇదే హడీ ఇంటి మీద దాడిలో మణికట్టుకి తూటా తగిలి, ధనుర్వాతం వచ్చి చనిపోయాడు. కల్నల్ అన్నది అధికారిక హోదా కాదు, జనం గౌరవంతో అన్నమాట.

అతను సొంతంగా రాసిన ముక్క ఒక్కటీ మనకి లేదు. అమ్మకపు సరుకులాగా వర్ణించిన ఆ ప్రకటనే దిక్కు. అందుకే నేను 1783లో బ్రిటిష్ వాళ్లతో న్యూయార్క్ వదిలి వెళ్లిన నల్లవాళ్ల పేర్లు రాసిన రిజిస్టరు చదువుతాను. 3,000 మంది పేర్లు, వయసు, మనిషి ఎలా ఉంటాడు, ఏ ఊళ్లో ఎవరి దగ్గర నుంచి ఎప్పుడు వచ్చేశాడు, అన్నీ ఉన్నాయి. మన్మత్ ఊళ్ల పేర్లు అందులో కనిపిస్తాయి. ఇటుపక్క చూస్తే సోమర్‌సెట్ కౌంటీలో శామ్యూల్ సట్‌ఫిన్ అనే ఆయన, స్వేచ్ఛ ఇస్తానంటే యజమాని బదులు మిలీషియాలో చేశాడు. యుద్ధం అయ్యాక మాట తప్పి అమ్మేశారు. 1832 చట్టం కింద పింఛను అడిగితే ఇవ్వలేదు, చివరికి 1836లో న్యూజెర్సీ శాసనసభ ఏడాదికి 50 డాలర్లు ఇచ్చింది. ఆయన చెప్పుకున్నదంతా ఒక డాక్టరు కూర్చుని రాశాడు కాబట్టి మిగిలింది. తీరవాసిగారు ఆర్ ఫైళ్లు వదలొద్దన్నారే, అది వెయ్యిపాళ్లు నిజం.

భీమిలి_కుర్రాడు
ఇవి చదువుతుంటే మా వైపు ఒకటి గుర్తొచ్చింది. ఇదే యుద్ధకాలంలో 1780 అక్టోబర్ 3న విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ సిపాయిలు తిరగబడ్డారు. హైదర్ అలీ మీద యుద్ధానికి ఓడెక్కి మద్రాసు రావాలన్నారు, ఎక్కం అన్నారు, తెల్ల అధికారుల్ని కాల్చారు. డచ్చివాళ్లతో కూడా యుద్ధం మొదలవడంతో మరుసటి ఏడాది మా భీమునిపట్నం ఇంగ్లీషువాళ్ల పాలైంది. అంటే ఆ గొడవ మా ఒడ్డు దాకా వచ్చిందన్నమాట. ఆ సిపాయిలు ఎందుకు ఎక్కనన్నారో వాళ్ల నోటి మాట ఎక్కడైనా ఉందా మాస్టారూ?

మాస్టారు_విజయనగరం
మంచి ప్రశ్న బాబూ. కంపెనీ కాగితాలు చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో, లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. కానీ అవి అధికారులు పై అధికారులకి రాసుకున్నవి. సిపాయి మాట అందులో వచ్చినా అధికారి కలంలోంచే వస్తుంది. మన్మత్‌లో ఒక జాలరి 50 ఏళ్ల తర్వాత కోర్టులో నిలబడి నా కెప్టెన్ ఫలానా, నేను కాపలా కాసిన వాగు ఫలానా అని చెప్పి ఇంటూ గుర్తు పెట్టగలిగాడు. మన సిపాయిని అలా కూర్చోబెట్టి ఏడు ప్రశ్నలు అడిగినవాడు లేడు. ఆ ఫైళ్ల విలువ నేను ఒప్పుకునేది అందుకే. పింఛను ఆశతో చెప్పినా సరే, సొంత గొంతుతో చెప్పాడు.

రాధ_ఎడిసన్
నేను రిజిస్టర్ చేసుకున్నానండీ. మొదటి పేజీ తెరిస్తే ఒక్క ముక్క అర్థం కాలేదు, వెనక పేజీ సిరా కూడా ఇటువైపుకి కనపడుతోంది. ఇంకో డౌట్, ఊరి పేరు తప్పుగా రాసి ఉంటే సరిచేసి టైపు చేయాలా?

పాతకాగితం
సరిచేయకూడదండీ. ఉన్నది ఉన్నట్టే. గుమాస్తా ఒకే ఊరిని ఒకే పేజీలో మూడు రకాలుగా రాస్తే మూడూ అలాగే కొట్టండి. చెప్పినవాడు ఎలా పలికాడో దాన్నిబట్టే తెలుస్తుంది. ఆ సిరాలో ఇనుము, కరక్కాయ లాంటి కాయల వగరు ఉంటాయి, కాలం గడిచేకొద్దీ అది కాగితాన్ని తినేస్తుంది, అందుకే అవతలి పక్కకి దిగింది. బొమ్మని పెద్దది చేసి, కాంట్రాస్టు కొంచెం పెంచి చూడండి. ముందు తేదీలు, పేర్లు పట్టుకోండి, ఆ గుమాస్తా పెద్ద అక్షరాలు ఎలా తిప్పుతాడో వాటితో అలవాటవుతుంది. రెండు ఎస్‌లు పక్కపక్కన వస్తే మొదటిది ఎఫ్‌లా పొడుగ్గా ఉంటుంది, అక్కడే అందరూ తడబడతారు. అర్థం కాని చోట ఊహించి రాయొద్దు, చదవలేకపోయానని గుర్తు పెట్టి వదిలేయండి, తర్వాత వచ్చేవాళ్లు చూస్తారు. కంప్యూటరుతో చదివించినది కూడా పక్కన ఇస్తున్నారు, దాన్ని అలాగే ఒప్పుకోకండి. పొరపాటు చదివినా అది ధీమాగానే రాస్తుంది, ముఖ్యంగా మనుషుల పేర్ల దగ్గర.

రాధ_ఎడిసన్
సరేనండీ. మిడిల్‌సెక్స్‌లో ఆర్ ఫైళ్లతో మొదలుపెడతాను. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, తనూ కూర్చుంటానంటోంది. వుడ్‌బ్రిడ్జ్ పేరు తగిలితే ఆ పేజీ ఇక్కడ పెడతాను, చదవలేనివి మీరంతా చూడాలి.

తీరవాసి_న్యూజెర్సీ
తప్పకుండా పెట్టండి. అధికారుల పేర్లు వస్తే కంపెనీ ఏదో నేను వెతికి చెబుతాను. కలంకారిగారూ, 1783 రిజిస్టరులో ష్రూస్‌బరీ, మిడిల్‌టౌన్ పేర్లున్న ఎంట్రీలు మీ దగ్గర విడిగా రాసుకున్నవి ఉంటే పంపండి, ఆ యజమానుల పేర్లు నా దగ్గరున్న మిలీషియా ఫైళ్లలో ఉన్నాయేమో ఒకటొకటే సరిచూస్తాను.